అండర్ బ్రిడ్జిలో ఒకడు

కార్తీక మాసపు వాన పట్టుకున్న ఒక సాయంత్రం, అమ్మ దర్శనం టికెట్టు ప్రింటు తీయించడానికి తిరుపతిలో ఒక జిరాక్సు దుకాణం మెట్లెక్కాను. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు నా ఫోనులో భద్రంగానే ఉంది కాని, కాగితం చేతిలో పడనిదే అమ్మకు నిద్ర పట్టదు. గుమ్మం దాటగానే సాంబ్రాణి పొగ, వేడెక్కిన యంత్రంలో దుమ్ము కాలిన వాసన, తడిసిన చెప్పుల తోలు వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. ఈ మూడూ ఆ పాళ్లలో కలిసే చోటు నాకు తెలిసి ఒక్కటే ఉండేది. తలెత్తి చూశాను. బోర్డు వేరు, గోడల రంగు వేరు, అద్దాల తలుపు ఉండవలసిన చోట ఇనుప షట్టరు. అయినా వెనక గోడకు ఏసీ కోసం కంత కొట్టి, ఆ తరువాత ఇటుకలతో పూడ్చిన చదరపు గుర్తు మాత్రం రంగు కింద నుంచి అలాగే కనిపిస్తోంది. చదువుకునే రోజుల్లో మా ఐదుగురి సాయంత్రాలు గడిచింది ఆ గదిలోనే.

అప్పుడది నెట్ సెంటరు. వెస్ట్ చర్చి దగ్గరి అండర్ బ్రిడ్జి కింద నుంచి సైకిళ్ల మీద పట్టాలు దాటి వచ్చేవాళ్లం. పది కంప్యూటర్లు గోడకు ఐదు చొప్పున రెండు వరుసలుగా ఉండేవి. ఈ వరుసలో కూర్చున్న వాళ్ల వీపులు ఆ వరుసలో కూర్చున్న వాళ్ల వీపులకు దాదాపు ఆనుకునేవి. పగటిపూట ఆ గది ఎంసెట్ ఫలితాలు చూసుకునే పిల్లలది, దూరదేశంలోని కొడుకుకు ఎవరిచేతనైనా ఈమెయిలు రాయించుకునే పెద్దవాళ్లది. చీకటి పడ్డాక అది కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లది. హాఫ్ లైఫ్ అనే ఆటను మార్చి, మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు 1999లో దానిని తయారు చేశారని నాకు చాలా ఏళ్ల తరువాత గాని తెలియలేదు. మాకు తెలిసిందల్లా ఒక పక్షం బాంబు పెట్టాలని, రెండో పక్షం దాన్ని ఆపాలని, ఆ రౌండులో చచ్చినవాడు రౌండు ముగిసేదాకా మళ్లీ లేవడని. ఐదుగురికి ఐదుగురు. పది కుర్చీలకు సరిగ్గా సరిపోయే ఆట అది.

మా ఐదుగురిలో ఇద్దరు చంద్రగిరి నుంచి బస్సులో వచ్చే అన్నదమ్ములు. ఒకడిది బైరాగిపట్టెడ. ఇంకొకడిది కొర్లగుంట. ఎందుకో మేము ఒకరినొకరం ఊరిపేరుతోనే పిలుచుకునేవాళ్లం, ఇప్పటికీ ఫోనులో వాళ్ల నంబర్లు ఆ పేర్లతోనే ఉన్నాయి.

కొర్లగుంట వాడి అమ్మ గోవిందరాజస్వామి గుడి ముందర పూలు కట్టి అమ్మేది. గంటకు 20 రూపాయలు పెట్టి ఆట ఆడడం వాడి వల్ల అయ్యే పని కాదు. ఆ సంగతి వాడు ఎన్నడూ మాతో అనలేదు. సెంటరు నడిపే అన్నతో ఏం మాట్లాడుకున్నాడో ఏమో, మా కంటే గంట ముందే వచ్చి గది ఊడ్చి, మౌసుల అడుగు మూతలు విప్పి లోపలి బంతులకు పట్టిన మురికి గోటితో గీకి, వేంకటేశ్వర స్వామి పటానికి అమ్మ ఇచ్చిన మల్లెపూలు పెట్టి, సాంబ్రాణి వేసేవాడు. దానికి బదులుగా అన్న వాడిని గంటన్నర ఆడనిచ్చేవాడు. అందుకే ఆ వాసన నాకు దేవుడి గదిని కాదు, వాడిని గుర్తుకు తెస్తుంది. మేము లోపలికి వచ్చేసరికి పొగ ఇంకా దీపం చుట్టూ తిరుగుతూ ఉండేది, వాడు చివరి కుర్చీలో కూర్చుని సర్వరు పెట్టి ఎదురుచూస్తూ ఉండేవాడు.

ఆ గదిలోని హెడ్‌ఫోన్లలో రెండు చెవులూ పనిచేసేది ఒక్కటి కూడా లేదు. ఆ ఆటకేమో అడుగుల చప్పుడే ప్రాణం. గోడ అవతల ఎవరు ఏ వైపు పరుగెత్తుతున్నారో చెవితోనే పట్టుకోవాలి. నాది కుడిచెవి మాత్రమే పలికే సెట్టు, కొర్లగుంట వాడిది ఎడమచెవి మాత్రమే పలికేది. అందుకని మేమిద్దరం ఆటలో ఎక్కడికి పోయినా జతగా, ఒకే వైపు ముఖం పెట్టి నడిచేవాళ్లం. "నీ చెవిలో వచ్చిందా?" అని నేను అడిగితే, "లేదు, నా కాడ లేదు, నీ పక్కనే" అని వాడు చెప్పేవాడు. ఇద్దరి చెవులూ కలిపితే ఒక మనిషి వినికిడి అయ్యేది. తరువాత ఉద్యోగంలో చేరి ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనుక్కుని ఆడినప్పుడు, రెండు వైపుల నుంచీ అన్ని చప్పుళ్లూ నా ఒక్కడికే వినిపిస్తుంటే మొదట్లో చాలా రోజులు తోచేది కాదు.

డస్ట్ టూ అనే మ్యాపు, అంటే ఆ ఆట జరిగే చోటు, ఆడని రోజు ఉండేది కాదు. అందులో బాంబు పెట్టే చోట్లు రెండు. వాటిలో మొదటి దానికి ఎక్కి పోవడానికి పొడుగు దారి ఒకటి, మెట్లున్న పొట్టి దారి ఒకటి. పొడుగు దారికి అలిపిరి అని, పొట్టి దారికి శ్రీవారి మెట్టు అని పేర్లు పెట్టింది చంద్రగిరి అన్నదమ్ములే. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు. చంద్రగిరి వాళ్లకు రెండోదే దగ్గర కనుక ఆ తేడా వాళ్లకు చిన్నప్పటి నుంచి కాళ్లకు తెలుసు. ఆ రెండూ చేరే చోటు సహజంగానే కొండ అయింది. రెండో బాంబు చోటుకు పోయే చీకటి సొరంగానికి మేము రోజూ దాటి వచ్చే అండర్ బ్రిడ్జి పేరే పెట్టుకున్నాం. ఎదుటి జట్టు వీపు వెనకే కూర్చుని మా మాటలన్నీ వింటూ ఉంటుంది కనుక అర్థం కాకుండా ఉండడానికి పెట్టుకున్న పేర్లు అవి. వాళ్లూ తిరుపతి వాళ్లే కాబట్టి ఆ రహస్యం వారం కూడా నిలవలేదు. పేర్లు మాత్రం నిలిచిపోయి, నెల తిరిగేసరికి ఆ సెంటరుకు వచ్చే ప్రతివాడూ "అలిపిరిలో ఇద్దురుండారు", "కొండ ఖాళీ" అని అరవడం మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర ప్రింటు కోసం నిలబడ్డ యాత్రికులు ఆ మాటలు విని, దర్శనం ఖాళీగా ఉందేమోనని ఒకసారి అన్నను అడిగారు కూడా.

ఆ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి తుపాకీ ఇచ్చిపుచ్చుకోవడం. మొదటి రౌండులో అందరి చేతిలోనూ 800 డాలర్లే ఉంటాయి. గెలిచినా, చంపినా డబ్బు పెరుగుతుంది. ఎంత పెరిగినా 16,000 దాటదు. ఏకే 47కు 2,500, ఎంఫోర్‌కు 3,100, దూరం నుంచి ఒక్క దెబ్బతో పడగొట్టే ఆప్‌కు 4,750. డబ్బును తోటివాడికి నేరుగా ఇవ్వడం కుదరదు. తుపాకీ కొని, జి బటను నొక్కి వాడి కాళ్ల ముందర పడెయ్యాలి. దాన్నే డ్రాప్ అనేవాళ్లం. రౌండు మొదలైన కొద్ది క్షణాల్లోనే ఎవరి దగ్గర ఎంత ఉందో చెప్పుకుని, లేనివాడికి ఉన్నవాడు కొనిచ్చి పరుగు తీయాలి. లేదా ఈ రౌండు ఎవరూ ఏమీ కొనవద్దని, వచ్చే రౌండుకు అందరికీ సరిపోతుందని ఐదుగురూ ఒక్కమాట మీద నిలబడాలి. ఒకడు ఆశపడి కొనుక్కుంటే మిగతా నలుగురూ మునిగినట్టే.

బయట బజ్జీలు తినడానికి పిలిచినా ఆకలి లేదని సైకిలు తుడుచుకుంటూ నిలబడే కొర్లగుంట వాడు, తన వంతు పన్నీర్ సోడా కూడా మా చేత కొనిపించుకోవడానికి ఇష్టపడని వాడు, ఆటలో మాత్రం గట్టిగా నోరు తెరిచి "నా కాడ దుడ్లు లేవు, ఎవురైనా డ్రాప్ చెయ్యండ్రా" అని అడిగేవాడు. అడగడంలో చిన్నతనం అనేది ఆ గదిలో ఎవరికీ తోచేది కాదు. ఇచ్చినవాడు గుర్తు పెట్టుకునేవాడు కాదు. "నెక్స్ట్ రౌండ్ నాది" అనే ఒక్క మాటతో ఆ లెక్క తీరిపోయేది, ఆ నెక్స్ట్ రౌండులో వాడి దగ్గర డబ్బుంటే ముందు మా కాళ్ల ముందర పడేది వాడి తుపాకీయే. ఇరవై రూపాయల లోకంలో తలెత్తని మాటను ఆ ఆట అంత తేలికగా వాడి చేత ఎట్లా పలికించిందా అని నేను అప్పుడు ఆలోచించలేదు. చాలా ఏళ్ల తరువాత ఆలోచించవలసి వచ్చింది.

పది మందీ ఒకే గదిలో ఆడడంలో ఒక చిక్కు ఉండేది. చచ్చినవాడి తెర మీద మిగతా వాళ్ల ఆట కనిపిస్తూ ఉంటుంది. బతికున్నవాడి వెనక ఎవరు పొంచి ఉన్నారో వాడి కంటే ముందు చచ్చినవాడికే తెలుస్తుంది. వేరు వేరు ఇళ్లలో నుంచి ఆడితే ఆట తానే ఆ మాటను ఆపుతుంది. ఒకే గదిలో ఆపేదెవరు? అందుకని అన్న ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "చచ్చినవాడు పలకరాదు" అని రాసి గోడకు తగిలించాడు. అది తప్పితే ఆ గదిలో ఇంకో నియమం లేదు. చచ్చిన వాళ్లం రెండు చేతులతో నోరు మూసుకుని, కుర్చీ అంచుకు జరిగి, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చునేవాళ్లం. ఒక్కొక్క రౌండు చివర తొమ్మిది మంది నోళ్లు మూసుకుని ఒక్కడి తెరను చూస్తుంటే, ఫ్యాను చప్పుడు, మౌసు కీచుమనడం తప్ప ఏమీ వినిపించేది కాదు.

అటువంటి నిశ్శబ్దాన్ని నేను ఒకసారి పాడు చేశాను. వేరే సెంటరు నుంచి వచ్చిన జట్టుతో పందెం ఆట, ఓడిన వాళ్లు పది కుర్చీల డబ్బూ కట్టాలి. చివరి రౌండు. నా దగ్గర చాలినంత లేదు. కొర్లగుంట వాడు తన దగ్గరున్నదంతా పెట్టి ఎంఫోర్ కొని నాకు పడేసి, తాను పిస్తోలుతో మిగిలాడు. బాంబు విప్పే కిట్టు ధర 200, అది కూడా కొనుక్కోలేకపోయాడు. నేను వాడిచ్చిన తుపాకీతో ఒకడిని పడగొట్టి చచ్చిపోయాను. మిగతా ముగ్గురూ పోయారు. వాడొక్కడు, ఎదుటి వాళ్లు ఇద్దరు. బాంబు పెట్టేశారు, 45 సెకన్లలో పేలుతుంది. వాడు నా శవం దగ్గరికి వచ్చి, తానే ఇచ్చిన ఆ తుపాకీని మళ్లీ చేతికి తీసుకుని, పెట్టెల వెనక ఉన్నవాడిని పడగొట్టి బాంబు ముందర కూర్చున్నాడు. బాంబు విప్పడానికి కిట్టు ఉంటే ఐదు సెకన్లు, లేకపోతే పది. ఆఖరివాడు షిఫ్టు నొక్కి, అడుగుల చప్పుడు రాకుండా సొరంగంలో నుంచి వస్తున్నాడు. నా తెర మీద వాడు స్పష్టంగా కనిపిస్తున్నాడు. నా నోటి మీద నుంచి చెయ్యి ఎప్పుడు జారిందో తెలియదు.

"అండర్ బ్రిడ్జిలో ఒకడు!" అని అరిచాను.

కొర్లగుంట వాడు అటు తిరిగి కాల్చాడు. ఎదుటివాడు పడ్డాడు. మళ్లీ కూర్చుని పది సెకన్లూ పూర్తి చేసి బాంబు విప్పాడు. మావాళ్లు ముగ్గురూ కుర్చీల మీద నుంచి లేచి గంతులు వేశారు. కొర్లగుంట వాడు మాత్రం హెడ్‌ఫోను తీసి కీబోర్డు మీద పెట్టి, వెనక్కి తిరిగి ఎదుటి జట్టుతో, "ఈ రౌండు మీదే. మావాడు పలికినాడు" అన్నాడు. వాళ్లే వద్దన్నారు, ఇంకోసారి ఆడదామన్నారు. వాడు ఒప్పుకోలేదు. పది కుర్చీల డబ్బూ మేమే కట్టాం. ఆ రోజు వాడు కూడా తన వంతు ఇచ్చాడు, జేబులో నుంచి మడతలు పడ్డ నోట్లు తీసి.

దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. సైకిళ్లు నడిపించుకుంటూ అండర్ బ్రిడ్జి దాకా వచ్చాం. పైన రైలు పోతోంది, అది పోయేదాకా ఆగి, "నాకు వాడి అడుగులు వినపడినాయి లేరా. నువ్వు పలక్కపోయినా తిరిగుందును" అన్నాడు. షిఫ్టు నొక్కి నడిచేవాడి అడుగులు ఎవరికీ వినపడవు. పైగా ఆ ఆఖరివాడు వచ్చింది కుడివైపు నుంచి, వాడి హెడ్‌ఫోనులో పలికేది ఎడమచెవి ఒక్కటే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

తరువాత చదువులు, ఉద్యోగాలు. బైరాగిపట్టెడ వాడు చెన్నైకి, చంద్రగిరి పెద్దవాడు హైదరాబాదుకు పోయారు. మా ఇంటికి బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మా ప్లానులో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల వరకు ఎంత వాడుకున్నా లెక్కలోకి రాదు కనుక, అలారం పెట్టుకుని లేచి, సింగపూరు సర్వర్లలో ఆడేవాళ్లం. అక్కడ మన మాట అవతలికి చేరేసరికి ఆలస్యం, మనం కాల్చేసరికి ఎదుటివాడు పక్కకు తప్పుకునేవాడు. స్కైపులో బైరాగిపట్టెడ వాడి గొంతు తెగి తెగి వచ్చేది. అమ్మ లేచి వాకిలి ఊడ్చే చప్పుడు వినపడితే ఆపేసేవాళ్లం. ఆ రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కొర్లగుంట వాడి ఇంట్లో కంప్యూటరు లేదు, వాడు లేడు.

మళ్లీ ఐదుగురం కలిసింది 2020 లాక్‌డౌనులో, పబ్జీ మొబైల్‌లో. అప్పటికి కొర్లగుంట వాడు తిరుమల ఘాట్ రోడ్డు మీద టాక్సీ నడుపుతున్నాడు. కంప్యూటరు లేనివాడికి కూడా ఫోను ఉంటుంది కనుక, మొదటిసారి మా అందరితో సమానంగా కూర్చున్నాడు. వంద మంది విమానంలో నుంచి ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు దీవి మీదికి దూకే ఆట అది. స్క్వాడ్‌కు, అంటే ఒక జట్టుకు, నలుగురే. మేము ఐదుగురం. అందుకని వంతుల వారీగా ఒకడు బయట ఉండి, కాన్ఫరెన్స్ కాలులో మిగతా వాళ్ల మాటలు వింటూ ఉండేవాడు. ఈ ఆటలో దెబ్బతిన్నవాడు వెంటనే చావడు; మోకాళ్ల మీద పాకుతూ ఉంటాడు, తోటివాడు వచ్చి పది సెకన్లు పక్కన కూర్చుంటే మళ్లీ లేస్తాడు. "లేపురా, లేపు" అనే మాట ఆ వేసవిలో మా ఐదు ఇళ్లలోనూ ఎన్నిసార్లు వినిపించిందో లెక్క లేదు. పడ్డవాళ్లను లేపడానికి తన ప్రాణం చూసుకోకుండా పరుగెత్తేది ఎప్పుడూ కొర్లగుంట వాడే.

మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయింది. మళ్లీ సామాన్య భక్తులను అనుమతించింది జూన్ 11న. అన్ని రోజులు తిరుపతి రోడ్ల మీద యాత్రికుడనేవాడు లేడు. గుడి ముందర పూలు కొనేవాళ్లు లేరు, ఘాట్ రోడ్డు మీద టాక్సీలు లేవు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, వాడు రోజూ రాత్రి వచ్చి నవ్వుతూ ఆడుతున్నాడు కదా అని ఒక్కసారి అడగలేదు. ఆ తప్పు నాదే.

మే నెలలో ఒక రాత్రి బయట ఉండే వంతు నాది. తెర లేదు, గొంతులు మాత్రమే వింటున్నాను. కొర్లగుంట వాడు పడ్డాడని, బైరాగిపట్టెడ వాడు లేపుతున్నాడని అర్థమైంది. ఫోనులో తుపాకుల చప్పుడు ఆగిపోయింది. అప్పుడు వాడి గొంతు వినిపించింది.

"రేయ్, ఎవురి కాడన్నా పదివేలుంటే డ్రాప్ చెయ్యండ్రా."

పబ్జీలో డబ్బుతో తుపాకులు కొనే పని లేదు. చంద్రగిరి చిన్నవాడు పాత ఆట మాట అనుకుని నవ్వబోయి ఆగిపోయాడు. కొంతసేపు ఎవరూ పలకలేదు. నేను ఫోను పెట్టెయ్యకుండానే ఫోన్‌పే తెరిచి పంపాను. ఆట ముగిసేలోగా ఇంకో ఇద్దరు నాకు తెలియకుండా, ఒకరికొకరు తెలియకుండా పంపారు. తెల్లవారేసరికి మా ముగ్గురిలో ఇద్దరి ఖాతాల్లోకి పదేసి వేలు తిరిగి వచ్చాయి, కింద ఒక చిన్న మాటతో: "పదే అడిగినా." మరుసటి సంవత్సరం ఆ పది కూడా తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు నాతో అన్నది రెండే మాటలు: "నెక్స్ట్ రౌండ్."

ఆ సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించారు. తరువాత అదే ఆట వేరే పేరుతో వచ్చింది గాని, అప్పటికి టాక్సీలు తిరుగుతున్నాయి, పిల్లలకు ఆన్‌లైన్ తరగతులు, మాకు ఆఫీసులు. మళ్లీ ఐదుగురం ఒకే రాత్రి కూడిరాలేదు.

"ఏం నాయనా, టికెట్టు మెయిలు చేస్తావా?" అని దుకాణదారు అడిగేదాకా నేను ఆ పూడ్చిన కంతనే చూస్తూ నిలబడ్డాను. అన్నే. తల నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు కొంతసేపు పట్టింది, పట్టాక నా చెయ్యి వదల్లేదు. ఫోనుల్లో డేటా చవకయ్యాక నెట్ సెంటరుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారని, మానిటర్లు పాత సామాన్ల వాడికి తూకానికి వేశానని చెప్పాడు. సాంబ్రాణి మాత్రం మానలేదని, అది ఆ పిల్లవాడు చేసిన అలవాటని అన్నాడు. "ఎట్లుండాడు వాడు? ఈ ఊర్లోనే ఉండి కూడా ఒక్కసారి ఇటు రాలేదే" అన్నాడు.

వెంటనే ఫోను చేశాను. వాడు కొండ దిగి వస్తున్నాడట. నేనెక్కడున్నానో చెప్పగానే అవతల కొంతసేపు వైపర్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"అలిపిరి దాటేసినా. అర్ధగంటలో ఆడుంటా. అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచినాయో ఏమో, కారు దిగుతుందో లేదో తెలీదు" అన్నాడు.

"ఉండు, చూసి చెప్తా" అన్నాను.

ప్రింటు తీసిన కాగితం అన్న దగ్గరే వదిలి, ఆయన ఇచ్చిన గొడుగు పట్టుకుని వానలో నడిచాను. అండర్ బ్రిడ్జి మొగలో నిలబడి చూస్తే, గోడకు రెండు వైపులా దీపాలు వెలుగుతున్నాయి, మధ్యలో నీళ్లు చక్రాల సగం దాకా ఉన్నాయి, అవతలి వైపు నుంచి ఆటో ఒకటి మెల్లగా దాటుతోంది. వాడు ఫోను పెట్టెయ్యలేదు.

"ఏముండాదిరా?" అన్నాడు.

"అండర్ బ్రిడ్జిలో ఒకడు," అన్నాను. "ఆటో. ఎక్కేస్తాండాడు. నీళ్లు తక్కువే, కుడిపక్కన గుంత, ఎడమకు పట్టుకుని రా."